పాలకుర్తి గుట్ట కింద మడిచిన విస్తరి

రండి, ఇలా దగ్గరకు జరిగి కూర్చోండి. పొయ్యి మీద పప్పు ఉడుకుతుంటే మంట తగ్గించి రండి. నేను మొదలుపెడితే మధ్యలో లేవనివ్వను. కాశీకి పోయి రాలేదు నేను, రామేశ్వరమూ పోలేదు. నెక్కొండ నుంచి వరంగల్, అక్కడి నుంచి పాలకుర్తి, మళ్ళీ వరంగల్, మళ్ళీ ఇల్లు. అయిదు రోజులు. దారి బెత్తెడే గానీ చెప్పడానికి ఒక పూట పడుతుంది.

మొన్న శివరాత్రి వెళ్ళిన తర్వాతి మాట. మా మరదలు భాగ్య ఫోన్ చేసింది. "వదినా, మీ తమ్మునికి మంచిగైంది. ఆర్నెల్ల గోలీల కోర్సు ఒడిసిపోయింది. సోమవారం పాలకుర్తి సోమన్న దేవునికి మొక్కు తీర్సుకుంటాన్నం. నువ్వు లేకుంటే గుట్ట ఎక్క" అంది. మా తమ్ముడు సాంబయ్యకు టీబీ వచ్చిందని కిందటి వానాకాలంలోనే తెలుసు. తగ్గిందన్న మాట చెవిన పడగానే, మా ఆయనకు కిరాణా కొట్టు అప్పజెప్పి, శనివారం పొద్దున రైలెక్కాను.

రైల్లో ముచ్చట్లు

నా చిన్నప్పుడు వరంగల్ పోయే బండిలో ఎక్కువ మంది బట్టలకో, సినిమాకో పోయేవాళ్ళు. ఎదురుగా కూర్చున్నామెను "ఏ ఊరు, ఎవరి బిడ్డవు" అని అడిగి, స్టేషన్ వచ్చేలోపు ఎక్కడో ఒక చుట్టరికం కలిపేసేవాళ్ళం. ఇప్పుడు పొద్దున బండిలో సగం మంది చేతుల్లో ఎక్స్‌రే కవర్లే. పలకరింపు కూడా మారింది.

"షుగరా, బీపీనా?" అని అడిగింది నా పక్కన కూర్చున్న కేసముద్రం ముసలామె.

"ఏం లేదమ్మా, తమ్ముని ఇంటికి పోతాన్న" అన్నాను.

ఆమె నన్ను నమ్మనట్టు చూసింది. "ఈ వయసుల ఏమీ లేకుంట ఉంటదా? చూపిచ్చుకోలేదు గంతే" అని, తన గోలీల సంచి విప్పి చూపించింది. అట్టలన్నీ చింపి, గోలీలన్నీ ఒకే డబ్బాలో కలిపేసింది. "తెల్లది బీపీది. గులాబి రంగుది షుగర్‌ది. ఈ పసుపుపచ్చది దేనికో యాది మర్సిన. అయినా రోజు ఏస్కుంటాన్న. పైసలు పెట్టి కొన్నం గదా, పారెయ్యబుద్ధి గాదు."

నవ్వాను గానీ నాకు చిన్నప్పటి మా వాడకట్టు కాంపౌండర్ గుర్తొచ్చాడు. ఆయన దగ్గర అన్ని రోగాలకూ ఒకటే ఎర్ర నీళ్ళ మందు. ఇంటి నుంచే ఖాళీ సీసా పట్టుకుపోవాలి. సీసా పక్కన నిచ్చెన మెట్లలాగ కత్తిరించిన కాగితం అంటించేవాడు, మెట్టుకొక పూట. మూత తీస్తే సోంపు వాసన. నేనూ సాంబయ్యా దగ్గు లేకపోయినా దగ్గేవాళ్ళం దానికోసం. ఇన్ని రంగుల గోలీలు వచ్చినయి ఇప్పుడు, ఆ సీసా వాసన మాత్రం ఏ దవాఖానలోనూ తగల్లేదు నాకు.

ఆమె నాకు రెండు జామకాయలు పెట్టింది. షుగర్ ఉందన్నావు గదమ్మా అంటే, "గందుకే నీకు పెడ్తాన్న" అంది.

కాశిబుగ్గ ఘాటు

స్టేషన్ బయట షేర్ ఆటో ఎక్కాను. మనిషికి ఇరవై. నాతోపాటు ఒక మిరపకాయల బస్తా కూడా ఎక్కింది. మిర్చి యార్డుకు బళ్ళు వరుస కట్టే రోజులు గదా. ఆటో గుంతలో పడ్డప్పుడల్లా బస్తా ఒక దమ్ము వదిలేది, మేము ఆరుగురమూ ఒకేసారి తుమ్మేవాళ్ళం. డ్రైవర్ పిల్లగాడు అద్దంలో చూసి, "ఇంకో పది రూపాయలు ఎక్కువ తీసుకోవాలె మీ దగ్గర, జలుబు ఫ్రీగ పోతాంది" అన్నాడు.

నేను పుట్టింది వరంగల్‌లోని ఈ కాశిబుగ్గలోనే. అప్పట్లో మా గల్లీ మొదట్లో నిలబడితే ముందు చెవులకు తెలిసేది ఇల్లు వచ్చిందని. ప్రతి ఇంట్లో మగ్గం ఆడేది. జంపఖానాలు నేసే మగ్గాలు, బరువైనవి, ఒక్కో దెబ్బకు గోడ మీద దేవుని పటం కదిలేది. ఇప్పుడు ఆ గల్లీలో మూడే మగ్గాలు ఆడుతున్నాయి. మిగిలిన ఇండ్లలో జిరాక్స్ దుకాణం, కర్రీ పాయింట్, ఒక రక్తపరీక్షల ల్యాబు. మా పుట్టింట్లోది మాత్రం ఆడుతోంది. గుమ్మం బయటే నిలబడి కాసేపు విన్నాను, లోపలికి పోబుద్ధి కాలేదు.

సాంబయ్య బయటకొచ్చాడు. నాకంటే ఆరేళ్ళు చిన్న. అంగీ భుజాల మీద వేలాడుతోంది.

"అక్కా! ఫోన్ చేస్తే స్టేషన్‌కు వస్తును గదా" అని సంచి అందుకుని, వెంటనే మొహం పక్కకు తిప్పి దగ్గాడు. చాలాసేపు దగ్గాడు. "మిర్చి ఘాటు. ఈ నెలల కాశిబుగ్గంత గిట్లనే" అన్నాడు. నేనూ ఆటోలో తుమ్ముతూ వచ్చినదాన్నే. నమ్మాను.

భాగ్య యార్డులో మిరపకాయల తొడిమెలు తీసే పనికి పోతుంది. సాయంత్రం చేతులు మండుతుంటే మజ్జిగలో ముంచుకుని కూర్చుని కబుర్లు మొదలుపెట్టింది. వంటింటి గోడకు మేకుకు ఒక పళ్ళెం, గ్లాసు వేలాడుతున్నాయి. అవి సాంబయ్యవి. జబ్బని తెలిసిన రోజు నుంచి వేరుపెట్టింది. అతనికి ముందే పెట్టి, తాను వంటింట్లో ఒక్కతే తింటుంది.

"ఏం మొక్కుకున్నవే?" అని అడిగాను.

సిగ్గుపడింది. యాభై దాటిన మనిషి, కొత్తపెండ్లికూతురులాగ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "మీ తమ్మునికి తగ్గితే గుట్ట కింద పరమాన్నం వండి, ఆయన తిన్న ఇస్తార్లనే నేను తింటనని మొక్కిన వదినా. గా తెల్లారి నుంచి పళ్ళెం ఏరు లేదు, ఏమీ లేదు."

ఇప్పటి పిల్లలు వింటే నవ్వుతారు, తిడతారు కూడా. మగడు తిన్న ఆకులో తినడమేమిటని. మా అమ్మ మాత్రం రోజూ అలాగే తినేది. బాపు కావాలనే ఒక ముద్ద పప్పన్నం, ఒక వడియం ఆకు మూలకు జరిపి లేచేవాడు. అమ్మ కూర్చుని ముందు ఆ మూల వైపే చూసేది. ఆ చూపు కోసం నేను స్తంభం చాటున నిలబడేదాన్ని. ఆ ఇంట్లో ప్రేమ అన్న మాట ఎవరూ అనగా నేను వినలేదు. వడియం మాత్రం ఉండేది.

మగ్గం గది

ఆదివారం పొద్దున పాల ప్యాకెట్ కోసం గల్లీ చివరకు పోయాను. కొట్టాయన "ఎవరింటికొచ్చిన్రమ్మా?" అంటే, "సాంబయ్య అక్కను, నెక్కొండ నుంచి" అన్నాను. అక్కడ పెరుగు కొంటున్న ఒక అమ్మాయి చటుక్కున తిరిగి చూసింది. పక్కకు రమ్మని సైగ చేసింది. పేరు సరిత, ఆశా కార్యకర్త, వెనక గల్లీలో ఉంటుంది.

"పెద్దమ్మా, అంకుల్ మీతోనే వచ్చిండా?"

"నాతోని వచ్చుడేంది బిడ్డా? వాడు ఇక్కడనే ఉంటాండు గదా."

ఆ అమ్మాయి మొహం మారింది. "రెండు నెలల కింద ఫోన్ చేసి, మా అక్క దగ్గర నెక్కొండల ఉంటాన్న, అక్కడి దవాఖానల్నే గోలీలు తీసుకుంటాన్న అన్నడు. ఇంటికి రావద్దు, వాడకట్టుకు తెలుస్తదని మొదటి నుంచి ఆయననే వచ్చి తీసుకపోయేటోడు. మీ దగ్గర మింగుతలేడా?"

పాల ప్యాకెట్ చేతిలో చల్లగా తగులుతోంది, అంతే తెలుసు నాకు.

"ఆర్నెల్లల్ల నాలుగు నెలలే అయినయి" అంది సరిత గొంతు తగ్గించి. "నడుమల ఆపితే జబ్బు మొండిగైతది పెద్దమ్మా. మళ్ళ ఆ గోలీలకు వింటదో వినదో."

నాకు ఎవరూ చెప్పక్కరలేదు ఆ సంగతి. మా బాపు పోయింది ఈ జబ్బుతోనే. అప్పట్లో గోలీలకు తోడు సూదులు. రోజూ సూది వేయించుకోవడానికి నడిచి పోయేవాడు. రెండు నెలలకు తేరుకున్నాడు, దగ్గు పోయింది, మగ్గం ఎక్కాడు. ఇక సూది దేనికన్నాడు. మరుసటి ఏడు బతుకమ్మ నాటికి లేడు. సాంబయ్యకు అప్పుడు అయిదేళ్ళు. చివరి నెలల్లో బాపు వాణ్ణి ఒళ్ళోకి రానిచ్చేవాడు కాదు. దూరం నుంచే చేయి ఊపేవాడు. వాడు అదొక ఆట అనుకుని తిరిగి చేయి ఊపేవాడు.

"దవాఖానకు నేనే తోలుకొస్త" అని ఆ అమ్మాయికి మాటిచ్చి ఇంటికొచ్చాను. భాగ్య పనికి పోయింది. యార్డుకు సెలవైనా తొడిమెల పనికి సెలవు లేదు.

మగ్గం గది మా తాత కట్టించింది. రెండు కిటికీలున్నా ఎప్పుడూ మూసే ఉంటాయి. గాలి తగిలితే పడుగు ఎండి, పోగులు పుటుక్కున తెగుతాయని. ఫ్యాన్ కూడా వేయరు. లోపల పత్తి నూగు తెల్లగా తేలుతుంటుంది. భాగ్య సాయంత్రాలు అక్కడే మూలన కూర్చుని నూలును చిన్న గొట్టాలకు కండెలుగా చుడుతుంది. సాంబయ్య, పడుగులో అటూ ఇటూ పరిగెత్తే నాడెలో కండె పెట్టి, నాడె పక్కనున్న సన్నని కన్నానికి నోరు పెట్టి పీల్చి, దారం కొస బయటకు లాగుతున్నాడు. మా బాపు కూడా అలాగే లాగేవాడు. బుగ్గలు లోపలికి పోయి, ముద్దు పెట్టినట్టు చప్పుడయ్యేది.

"సాంబయ్యా, నా ఇంట్ల గోలీలు మింగుతానవట గదరా. నాకే తెల్వకపాయె."

నాడె వాడి చేతిలోనే ఉండిపోయింది.

"తగ్గింది అక్కా. నిజంగ తగ్గింది. జరం లేదు, అన్నం తినబుద్ధైతాంది..."

"మరి నిన్నటి సంది దగ్గుతాన్నదెవలు, నేనా?"

"మిర్చి ఘాటు."

"మిర్చి ఘాటు నీ బొక్కల మీది కండ గూడ తింటాందా? అద్దంల చూస్కున్నవా?"

వాడు తల దించుకున్నాడు. నాడె పక్కన పెట్టి అన్నాడు, "గోలీలు ఇంటికి వచ్చినన్ని రోజులు గా పళ్ళెం మేకుకే ఉంటది. ముప్పై ఏండ్ల సంది భాగ్య నా పక్కపొంటి కూసోని తిన్నది. ఏదో ఒకటి గులుగుతనే ఉండె, ఉప్పు ఎక్కువైందని, బియ్యం మంచిగ లేవని. గిప్పుడు కంచం పెట్టి లోపల్కి పోతది. గోడకు ముచ్చట చెప్పుకుంట తినాలె నేను. దగ్గు తగ్గంగనే గోలీలు బంద్ జేసిన, ఆర్నెల్లు నిండంగనే కోర్సు ఒడిసిందని చెప్పిన. తప్పే. ఏం జెయ్యమంటవ్?"

తిడదామని నోరు తెరిచాను. 

"రేపు ఒక్కరోజు ఆగు" అన్నాడు చేయి పట్టుకుని. "అది మూడు నెలల సంది సంబురపడుతాంది మొక్కు కోసం. ఎల్లుండి దవాఖానకు వస్త. దానికి నేనే చెప్త. నీ మీద ఒట్టు."

సరేనన్నాను. తప్పు చేశానని ఇప్పుడు చెప్తున్నాను. అప్పుడు తెలియలేదు.

పాలకుర్తి

బస్సులో ఆడవాళ్ళకు టికెట్ లేదు గదా, ఆధార్ చూపిస్తే చాలు. నా కార్డు నెక్కొండలో కొట్టు గల్లాలోనే మర్చిపోయి వచ్చాను. కండక్టరు కుర్రవాడు తల అడ్డంగా ఊపాడు. "కార్డు లేకుంటే పైసలియ్యాలె అమ్మమ్మా." వెనక నుంచి ఒకాయన, "ఇయ్యి ఇయ్యి, మొగోళ్ళ కష్టం ఏందో మీకూ తెల్వాలె" అన్నాడు. బస్సంతా నవ్వింది. ఎవరింటి పెద్దో పాపం, నిలబడే వచ్చాడు చివరిదాకా.

భాగ్య నా పక్కన కూర్చుని ఒళ్ళో గిన్నెల మూట పెట్టుకుంది. దాని మీద మోదుగాకు విస్తర్ల కట్ట. వాటిని చూడగానే నాకు గుర్తొచ్చింది. మొక్కు. వాడు తిన్న విస్తరిలో ఇది తింటుంది. నిన్న వాడికి సరేనన్నప్పుడు ఈ సంగతే తట్టలేదు నాకు. చెప్పాలి. దిగాక చెప్దామనుకున్నాను. దిగాక, గుట్ట ఎక్కాక అనుకున్నాను.

జాతర వెళ్ళిపోయిన గుట్ట ఎలా ఉంటుందో చూశారా ఎప్పుడైనా? విప్పేసిన పందిళ్ళ గుంజలు, దుమ్ములో గాజుల ముక్కలు, పిల్లలు ఊదే పీకలు ఎవరూ కొనకపోయినా అమ్మే ముసలాయన. మా చిన్నప్పుడు ఎడ్లబండి మీద వచ్చేవాళ్ళం. దారిలో రెండు పొద్దులు. బాపు సాంబయ్యను మెడ మీద ఎక్కించుకుని ఆగకుండా పైదాకా పోయేవాడు. ఆ మెట్ల మీదే ఇప్పుడు సాంబయ్య పది మెట్లకొకసారి ఆగాడు. ఆగినప్పుడల్లా ఏదో ఒకటి చూపించేవాడు మాకు. "అగో, గా బండ చూడు అక్కా." "గా కోతి పిల్లను చూడు." నేను బండనూ కోతినీ చూశాను. భాగ్య నవ్వుకుంటూ ముందు పోయింది. ఇంతలో ఒక కోతి వచ్చి మా బెల్లం ముద్ద ఎత్తుకుపోయింది. గుట్ట మీద కొట్టులో కొంటే కిందికంటే రెట్టింపు ధర.

దర్శనమై కిందికి దిగి మూడు రాళ్ళు పెట్టాం. కట్టెల మోపు నూటయాభై. మా నెక్కొండలో ఆ ధరకు బండెడు కాకపోయినా సగం వస్తాయి. భాగ్య పరమాన్నం వండింది, పెసరపప్పు, పచ్చిపులుసు చేసింది. కట్టెల పొగ కమ్మిన పప్పు రుచి ఇంట్లో గ్యాస్ పొయ్యికి రాదు.

సాంబయ్యకు విస్తరి వేసి వడ్డించింది. వాడు నాలుగు ముద్దలు తిన్నాడో లేదో, ఆమె ఎదురుగా వచ్చి కూర్చుంది.

"ఇగ లెవ్వు. నా వంతు" అంది.

నేను గరిటె కింద పడేసి లేచాను. "భాగ్యా" అన్నాను. నా కంటే ముందే వాడు విస్తరిని రెండు చేతులా మడిచేశాడు. లోపల పరమాన్నం ఉండగానే. మడిచి గుండెకు అదుముకున్నాడు. పాలు అంగీ మీద కారుతున్నాయి.

"ఏందయ్యా గదీ! దేవుని పరమాన్నం పెట్టుకొని ఇస్తారు మడుస్తవా?"

"వద్దు భాగ్యా" అన్నాడు. దగ్గు వచ్చేసింది, మధ్య మధ్యలో మాట. "నాకు తగ్గలే. గోలీలు నేనే ఆపిన. నీకంటుతది. వద్దు."

భాగ్య వాడినే చూసింది. పక్కన వంట చేసుకుంటున్న వాళ్ళు కూడా ఇటే చూశారు. "దేవునికి గూడ అబద్ధం చెప్పినవా?" అంది చిన్న గొంతుతో. తర్వాత నా వైపు తిరిగింది. "వదినా, నీకు తెలుసా?"

"నిన్న తెలిసింది."

"నిన్న!" అంది.  ఆ పూట అన్నం ముట్టలేదు. తిరుగు బస్సులో నాకు దూరంగా, డ్రైవర్ వెనక సీట్లో కూర్చుంది. తప్పు నాది. మొక్కు చెడుతుందని మాట దాచాను. వాడు ఆకు మడవకపోతే ఏమయ్యేదో అని ఇంటిదాకా అదే తలుచుకున్నాను.

దవాఖాన

మంగళవారం తెల్లవారక ముందే భాగ్య తయారై గుమ్మంలో నిలబడింది. మా ఇద్దరితో మాట లేదు. సరిత మమ్మల్ని దవాఖాన దగ్గర కలిసింది.

మా బాపు నాటి దవాఖాన నాకు గుర్తే. సూదులు పెద్ద గిన్నెలో ఉడికేవి. బయట వేపచెట్టు కింద అందరం కూర్చునేవాళ్ళం, ఒక నర్సమ్మ పేరు పెట్టి పిలిచేది. ఆమె ప్రతి పిల్లకూ ఒక ఖాళీ మందు సీసా ఇచ్చేది ఆడుకోవడానికి. ఇప్పుడు అంతా టోకెన్లు, గాజు తలుపులు. తెమడ ఒక చిన్న డబ్బాలో పట్టించి మిషన్‌లో పెడితే, జబ్బు ఉందో లేదో, మందుకు వింటుందో వినదో అదే చెప్తుందట. అన్నీ ఉచితం. జనం మాత్రం అప్పటికంటే పదింతలు. నర్సమ్మకు పేరు పెట్టి పిలిచే తీరిక ఎక్కడిది పాపం.

మధ్యాహ్నం దాకా ఆగి, డాక్టరమ్మ గదిలోకి పోయాం. చిన్న వయసు, మాస్క్ పైన కళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి. మమ్మల్ని కూర్చోబెట్టి కాగితం చూసింది. 

"జబ్బు ఉంది. అయితే మీ అదృష్టం, మందుకు వింటాంది. మళ్ళ మొదటి నుంచి మొదలుపెట్టాలె, ఆర్నెల్లు. ఈసారి ఒక్క పూట గూడ ఆపొద్దు."

భాగ్య అప్పుడు నోరు విప్పింది. "మేడమ్, నిన్న ఆయన ఇస్తార్ల తినబోయిన నేను. ఆయనే గుంజుకున్నడు. తింటే నాకు వస్తుండెనా?"

"ఆకుతోని రాదమ్మా. పళ్ళెంతోని రాదు. దగ్గితే గాలిల కలుస్తది, ఆ గాలి పీలిస్తే వస్తది."

"పళ్ళెంతోని రాదా? మరి ఏరు పెట్టిన గదా మేడమ్ నేను?"

"ఎవరు పెట్టమన్నరు?"

భాగ్య నా వైపు చూసింది. నేను భాగ్య వైపు చూశాను. ఎవరూ పెట్టమనలేదు. మా అమ్మ బాపుకు వేరు పెట్టింది, వాళ్ళత్త ఎవరికో పెట్టింది. మేమూ పెట్టాం.

సరిత మెల్లగా అడిగింది, "మగ్గం గదికి కిటికీలు ఉన్నయా ఆంటీ?"

"ఉన్నయ్. తెరువం. గాలికి పోగు తెగుతది."

"మీరు కండెలు ఎక్కడ చుడ్తరు?"

భాగ్య సాంబయ్య వైపు తిరిగింది. చుట్టేది ఆ గది మూలనే గదా. ఆరు నెలలుగా ఆమె పళ్ళేన్ని గోడకు వేలాడదీసి, అదే మనిషితో మూసిన గదిలో రోజూ సాయంత్రం కూర్చుంది. మేము ముట్టనివ్వనిది గిన్నెలను. పీల్చినది గాలిని.

"పోగు తెగితే అతుకుడు మీకు వచ్చిన పనే గదా అంకుల్. కిటికీలు తెరువున్రి, మూతికి గుడ్డ కట్టుకోన్రి. కొన్ని రోజులు ఆంటీ కండెలు బయట అరుగు మీద చుడ్తది" అంది సరిత.

భాగ్యకు ఎక్స్‌రే తీశారు. ఆ కవరు వచ్చేదాకా ఆ గంట ఎలా గడిచిందో చెప్పను. సాంబయ్య వరండాలో గోడకు ఆనుకుని, వచ్చే పోయే ప్రతి తెల్లకోటునూ చూశాడు. తన కాగితం కోసం అంత భయపడలేదు వాడు. "ఏం లేదు, మంచిగుంది" అని చెప్పగానే మొహం గోడకు తిప్పుకున్నాడు. భాగ్య పోయి వాడి పక్కన నిలబడింది.

"ఏడుసుడు సాలు. గోలీలు తెచ్చుకుందాం పా" అంది. పాలకుర్తి నుంచి వచ్చాక వాడితో ఆమె అన్న మొదటి మాట అదే.

గోలీలు ఇచ్చే కిటికీ దగ్గర, రోజూ మింగేటప్పుడు ఎవరు చూస్తారని అడిగారు. సాంబయ్య భార్య వైపు వేలు చూపించాడు.

"నేను సంతకం పెట్ట" అంది భాగ్య ఖరాఖండిగా. "నాకు ఈయన మీద జాలి ఎక్కువ. ఒక్కరోజు వద్దే అంటే నేనే ఊకుంట. వదినె పేరు రాయున్రి. అబద్ధంల ఆమె పేరు వాడిండు గదా, నిజంల గూడ ఆమెనే ఉండాలె."

తిరుగు రైలు

బుధవారం మధ్యాహ్నం బండికి వచ్చేశాను. భాగ్య స్టేషన్‌కు వచ్చి, రైలు కదిలేదాకా నాతో పొడిపొడిగానే మాట్లాడింది. కదిలాక కిటికీలోంచి సర్వపిండి పొట్లం ఒళ్ళో పడేసి, "మీ తమ్మునికి గూడ ఇంత పెట్టిన, నీ మీదెందుకు కోపం పెట్టుకోవాలె" అంది. నువ్వులు ఎక్కువ వేసింది. నాకు ఇష్టమని తెలుసు.

ఇప్పుడు ప్రతి పొద్దున ఏడు గంటలకు మా కొట్లో వీడియో ఫోన్ మోగుతుంది. ఎవరు ఉప్పు కోసం వచ్చినా, పప్పు కోసం వచ్చినా ఒక్క నిమిషం ఆగాలి. సాంబయ్య గోలీలు అరచేతిలో చూపిస్తాడు, మింగుతాడు, నోరు తెరిచి నాలుక ఎత్తి చూపిస్తాడు. కొట్టుకొచ్చిన వాళ్ళు కూడా తొంగి చూసి, "మింగిండు, మింగిండు" అంటారు. మొదట్లో సిగ్గుపడ్డాడు. ఇప్పుడు వాళ్ళ క్షేమసమాచారాలు కూడా అడుగుతున్నాడు.

నెల దాటింది. ఈరోజు పొద్దున గోలీలు మింగాక ఫోన్ పెట్టేయలేదు వాడు. అరుగు మీది గాలికి ఫోన్‌లో హోరుమంటోంది. "అక్కా, కిటికీలు తెరిసి నేస్తే పొద్దటి సంది పదకొండు పోగులు తెగినయ్. ఈ లెక్కన జంపఖాన వచ్చే ఏడు ఒడుస్తది" అని గొణిగాడు. ఇంతలో పక్క నుంచి మాట వినిపించింది. నోట్లో ముద్ద ఉండగా మాట్లాడుతున్న గొంతు.

"ఆమెకేం చెప్తవ్? ఈ కూరల ఉప్పు ఎక్కువైందా లేదా ముందుగాల నువ్వు జెప్పు."

వాడు ఫోన్ పక్కకు తిప్పాడు. అరుగు మీద వాడి పక్కనే భాగ్య కూర్చుని తింటోంది.

చాలాసేపు కూర్చోబెట్టాను మిమ్మల్ని, మీ పప్పు అడుగంటిందేమో చూసుకోండి. మీ ఇంట్లో ఎవరూ ఒంటరిగా గోడ వైపు తిరిగి అన్నం తినకుందురు గాక. మీ కిటికీల్లోంచి మంచి గాలి వచ్చిపోవాలి, మీ వాళ్ళకు ఊపిరి తేలిగ్గా ఆడాలి. మీ కూరలో ఉప్పు ఎక్కువైందని దెబ్బలాడే మనిషి మీ పక్కన నూరేళ్ళు ఉండాలి.